ఊరు ఖాళీ, గాయం ఖాళీ

వేపలమిట్ట,
18-2-2002, సోమవారం.

ఒసేయ్ ఖుర్షిదా,

ఈ కవరు పోస్టులో వేస్తే ఎల్లుండికి గానీ నీకు అందదు. అందుకని పర్చూరు మీదుగా గుంటూరు వెళ్లే మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. నీకు ఫోన్ చేసి "బస్టాండుకి వెళ్లి కవరు తీసుకో" అని మాత్రం చెప్తాను. అంతకు మించి ఫోన్లో చెప్పే విషయం కాదు. ఆసుపత్రి ఫోను పనిచేయక నెలయింది. బూత్‌లో మాట్లాడితే అది నడిపే బుడే చెవి ఇటే పెడతాడు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.

విషయం ఇది. మా ఆసుపత్రిలో కుక్కకాటు మందు పెట్టే ఫ్రిజ్ ఈ నెల ఒకటో తేదీ నుంచి నాలుగో తేదీ వరకు చల్లగా లేదు. కరెంటు వస్తూ పోతూ ఉంది. మాకు తెలిసింది మాత్రం మొన్న శనివారం. కాంపౌండరు ఇమాం హుస్సేన్ గారు కొత్త పెట్టె తీయబోతే అట్ట నీళ్లకి నాని ఉబ్బిపోయి ఉంది. డాక్టరమ్మ గారు చూసి కుర్చీలో కూలబడ్డారు. "నాలుగు నుంచి పదహారు వరకు ఎవరెవరికి మొదలుపెట్టామో వాళ్లందరికీ పడింది నీళ్లే అనుకోండి. ఒక్కరు కూడా తప్పిపోకూడదు. మళ్లీ మొదటినుంచి ఇవ్వాలి" అన్నారు. ఆ జబ్బు గురించి నీకు తెలియంది కాదు. గొంతు బిగుసుకుని, నీళ్లు చూస్తేనే వణుకు పుట్టే దశ వచ్చాక ఏ డాక్టరూ చేసేదేమీ లేదు.

కుక్కకాటుకి వచ్చిన ప్రతి కొత్త మనిషికీ మేము నంబర్ల పుస్తకంలోంచి ఒక ఎర్ర కార్డు చింపి ఇస్తాం. ఆ తేదీల్లో ఇరవయ్యారు కార్డులు చిరిగాయి. డిసెంబరులో నువ్వు కంప్యూటర్ పెట్టి వెళ్లాక చేతి రిజిస్టరు ఆపేశాం కదా, పేర్లన్నీ అందులోనే ఉన్నాయి. నువ్వు చేసిన వెతుకుడు స్క్రీన్‌లో తేదీలు కొట్టాను. పందొమ్మిది పేర్లే వచ్చాయి. పదిసార్లు కొట్టినా పందొమ్మిదే.

ఆ ఏడుగురు ఎక్కడికి పోయారే? నేను టైపు చేశాను, నా చేత్తో చేశాను. మొత్తం ఫైలు ఫ్లాపీలో పెట్టి పంపుతున్నాను. రేపు సాయంత్రం బస్సుకి జవాబు పంపు. హాస్టల్లో నా రికార్డులు కాపీ కొట్టినదానివి, ఆ రుణం ఇప్పుడు తీర్చుకో.

నీ
శాంతి


గుంటూరు, బ్రాడీపేట,
19-2-2002.

శాంతీ,

నీ ఏడుగురూ దొరికారు. ముందు ఊపిరి పీల్చుకో.

తప్పు సగం నీది, సగం నాది. పేషెంట్ల టేబుల్‌లో ఊరి పేరు ఉండదు, ఊరి నంబరు మాత్రమే ఉంటుంది. ఊరి పేరూ మండలమూ వేరే టేబుల్‌లో ఉంటాయి. మండలాన్ని బట్టి కూడా వెతకాలని మీ డాక్టరమ్మ అడిగారని నేను ఆ రెండు టేబుళ్లనీ కలిపి వెతికేలా రాశాను. నేను కలిపిన పద్ధతిలో ఒక చిక్కుంది. పేషెంటుకి ఊళ్ల టేబుల్‌లో జోడీ దొరికితేనే ఆ పేరు తెర మీదకి వస్తుంది. నువ్వు ఊరి సంగతే అడక్కుండా తేదీ ఒక్కటే కొట్టినా సరే, జోడీ లేని మనిషిని గుమ్మంలోనే ఆపేస్తుంది. నువ్వు ఏడుగురికి ఊరు ఖాళీగా వదిలావు. ఎందుకే అలా వదిలావు? ఊరు లేని మనుషులు ఉంటారా?

ఇప్పుడు మార్చాను. ఊరు ఉన్నా లేకపోయినా పేషెంటు వస్తుంది, ఊరి గడి మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. నువ్వు ఫ్లాపీతో పెట్టిన చీటీలో ఇంకోటి అడిగావు కదా, మొహం మీదా చేతుల మీదా కరిచినవాళ్లని ముందు వెతకమన్నారు డాక్టరమ్మ, గాయం ఎక్కడో జాబితాలోనే కనపడాలని. గాయాల టేబుల్‌ని కూడా కలిపేశాను. నీకు పేరు పక్కనే గాయం కనిపిస్తుంది. కింద మొత్తం చూశాను, సరిగ్గా ఇరవయ్యారు.

కొత్త ఫ్లాపీ ఇందులోనే ఉంది. పాత జాబితా చించి పారెయ్, రెండూ కలిసిపోతే గందరగోళం. మా ఆఫీసులో అంకమ్మరావు సారుకి ఈ సంగతి చెప్పలేదు. చెప్తే "ఒక్క ఆసుపత్రికే ఇన్నిసార్లా" అని మొదలుపెడతాడు.

నీ
ఖుర్షిదా


వేపలమిట్ట,
4-3-2002.

ఖుర్షిదా, నా బంగారు తల్లీ,

ఈ ఉత్తరం తీరిగ్గా పోస్టులోనే వేస్తున్నాను. పదమూడు రోజులు జీపు దిగలేదు. డ్రైవరు కోటేష్, నేను, నీ జాబితా. ఇప్పుడు ఇరవయ్యారు పేర్ల పక్కనా టిక్కు పడింది. మొహం మీద కరిచినవాళ్లకి మొదటి రెండు రోజుల్లోనే మళ్లీ సూది పడింది. నిన్న ఆదివారం గుడిలో కన్నీళ్లు ఆగలేదు నాకు. పాస్టరు గారు తన ప్రసంగానికే అనుకుని మురిసిపోయారు.

ఊరు ఎందుకు ఖాళీ అని అడిగావు. గుంటూరులో ఫ్యాను కింద కూర్చుని అడగడం తేలికే. ఇది మిరపకోతల కాలం. పడమటి నుంచి ముఠాలు ముఠాలుగా దిగుతారు. పొలం గట్టున టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉంటారు, కోత అవగానే ఇంకో పొలం. "ఏ ఊరమ్మా?" అంటే "ఇప్పుడు ఏ ఊరూ లేదమ్మా, కల్లంలో ఉన్నాం" అంటారు. సొంత ఊరు చెప్పినా నీ ఊళ్ల టేబుల్‌లో ఆ పేరు లేదు. తప్పు ఊరు పెట్టడం కంటే ఖాళీ మేలనుకున్నాను. ఆ ఏడుగురిలో ఆరుగురు ఒకే ముఠా, ఒకే పట్టా కింద దొరికారు.

నవ్వు తెప్పించే సంగతి ఒకటి. జాబితాలో ఒక్కో వరసకీ ఒక చీటీ రాసుకుని ఇల్లిల్లూ తిరిగాం కదా, ఏసోబు అనే పాలేరు ఇంటికి మొదటి రోజు వెళ్లొచ్చాం, నాలుగో రోజు మళ్లీ అతని పేరుతోనే చీటీ. అతని భార్య చేట పట్టుకుని వచ్చింది: "పొద్దున లేస్తే మీకు మా ఇల్లేనా అమ్మా, ఎన్నిసార్లు పొడుస్తారు ఆయన్ని?" అని. చూస్తే ఒక చీటీలో గాయం చెయ్యి, ఇంకో చీటీలో కాలు. పొగాకు ఎండబెట్టే బ్యారన్ కొట్టం దగ్గర ఉండే అఖిలకి కూడా అంతే, రెండు చీటీలు. కోటేష్ ఊరుకుంటాడా! "కరిచింది ఒక కుక్కే, కంప్యూటరే రెండుసార్లు కరిచింది" అన్నాడు. రెండింటికీ టిక్కు పెట్టేశాను. నీకు తీరికైనప్పుడు ఆ చిన్న ముచ్చట సరిచెయ్యి.

ఉంటాను. కోటేష్ నీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

నీ
శాంతి


గుంటూరు,
6-3-2002, పదకొండు గంటలు. బస్సులో పంపుతున్నాను.

శాంతీ,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నువ్వు నవ్వుతూ రాశావు. నేను చదువుతూనే లెక్క వేసుకున్నాను.

నింపాదిగా చదువు. ఏసోబు రెండుసార్లు, అఖిల రెండుసార్లు వస్తే, ఇరవయ్యారు చీటీల్లో మనుషులు ఇరవై నలుగురే. ఎర్ర కార్డులు ఇరవయ్యారు. ఇద్దరు తక్కువ.

నీ ఫ్లాపీ కాపీ నా దగ్గరే ఉంది. వెంటనే తెరిచి ఒక్కొక్క పేరూ వేలితో చూశాను. గాయాల టేబుల్‌ని కలిపేశానన్నానే, ఆ హడావిడిలో మళ్లీ అదే తప్పు చేశాను. ఊరికి గుమ్మం తీశాను, గాయానికి మూశాను. గాయం రాయని మనిషి జాబితాలోంచి ఎగిరిపోయింది. రెండు గాయాలు రాసిన మనిషి రెండుసార్లు వచ్చింది. ఇద్దరు పోయారు, ఇద్దరు రెట్టింపయ్యారు. మొత్తం సరిపోయింది. ఆ సరిపోయిన మొత్తాన్ని చూసి నేను మురిసిపోయాను. పేర్లు చదవలేదు.

ఆ ఇద్దరు వీళ్లు:

వెంకటరావమ్మ, 50 ఏళ్లు, ఊరు వేపలమిట్ట, ఫిబ్రవరి 6న వచ్చింది. గాయం ఖాళీ.

దేవకుమారి, 28 ఏళ్లు, ఫిబ్రవరి 9న వచ్చింది. ఊరు ఖాళీ. గాయం ఖాళీ. వివరాల్లో "యలమంద ముఠా" అని మాత్రం ఉంది.

వెంకటరావమ్మ నీ మొదటి పందొమ్మిది మందిలో ఉంది. నేను చించి పారెయ్యమన్న కాగితంలో ఉంది.

ఇంకోటి చెప్పాలి. చెప్పకుండా ఈ కవరు అంటించలేను. డిసెంబరులో మీ దగ్గర స్క్రీన్ బిగించిన రోజు, ఏమీ అడక్కుండా వెతుకు అని నొక్కి చూశాను. టేబుల్‌లో నూట నలభై మంది ఉంటే తెర మీద నూట ముప్పై ఆరు వచ్చారు. చూశాను శాంతీ. నువ్వు నేర్చుకోవడానికి కొట్టిన ఉత్తుత్తి పేర్లై ఉంటాయిలే అనుకున్నాను. రెండు రోజుల్లో రంజాన్ పండగ, ఇంటికి పోవాలన్న తొందర. నాలుగు పేర్లు తెరిచి చూస్తే పది నిమిషాలు పట్టేది. చూడలేదు. పోయిన నెల నువ్వు ఏడుగురు లేరని రాసినప్పుడే నాకు ఆ నలుగురు గుర్తొచ్చారు. అప్పుడూ నీకు చెప్పలేదు.

ముందు వెంకటరావమ్మ ఇంటికి పరుగెత్తు.

ఖుర్షిదా


వేపలమిట్ట,
8-3-2002.

ఖుర్షిదా గారికి,

మీ కవరు అందింది. వెంకటరావమ్మ గారు దొరికారు. ఆసుపత్రికి రెండు వీధుల అవతలే ఇల్లు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పదమూడు రోజులు ఆమె గుమ్మం ముందు నుంచే జీపు పోయింది. రోజూ అరుగు మీద కూర్చుని మాకు చెయ్యి ఊపేది. గాయం మానిందని నాలుగో సూదికి రానేలేదు. నిన్న మళ్లీ మొదటి సూది వేశాం. బాగానే ఉంది. బాగుంది అన్న మాటకి ఈ జబ్బులో ఎంత విలువుందో నాకు తెలియదు.

గాయం ఎందుకు ఖాళీ అని మీరు అడగలేదు గానీ చెప్తాను. తెల్లవారుజామున చెంబు పట్టుకుని తుమ్మల చాటుకి వెళ్లిన ఆడవాళ్లు వీళ్లు. కూర్చున్న మనిషిని వెనక నుంచి పట్టింది కుక్క. "ఎక్కడ కరిచిందమ్మా?" అని ఇమాం హుస్సేన్ గారు పెద్దాయన, మర్యాదగానే అడుగుతారు. వాళ్లు నేలచూపులు చూస్తారు. ఆయన గొంతు సవరించుకుని "సరే, రాయకమ్మా శాంతీ" అంటారు. నేను రాయను. నర్సమ్మ చాటుకి తీసుకెళ్లి కడిగి సూది వేసి పంపుతుంది. ఇది ఇక్కడ ఎప్పుడూ ఉన్న సంగతే. గాయం రాయకపోతే మనిషే లేకుండా పోతుందని మాకు ఎవరు చెప్పారు?

దేవకుమారి లేదు. ముందు దొరికిన ఆరుగురిది వేరే ముఠా; యలమంద ముఠా ఉన్న పొలానికి వెళ్లాం. పట్టాలు కట్టిన గుంజల గుంతలు మిగిలాయి. రైతు "పోయిన నెలలోనే పోయారండీ, ఏ వైపు పోయారో ఎవడికి తెలుసు" అన్నాడు. నర్సమ్మకి ఆమె గుర్తుంది. పొడుగ్గా ఉంటుందట. సూది వేస్తుంటే కళ్లు మూసుకుని కీర్తన పాడుకుందట. మూడుసార్లు వచ్చిందట. ఎంతో బుద్ధిగా వచ్చి మూడుసార్లూ నీళ్లు పొడిపించుకుని వెళ్లింది.

డిసెంబరు సంగతి మార్చిలో రాశారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టుంది. పండగకి వెళ్లే తొందర అన్నారు. దేవకుమారికి కూడా ఏదో పండగ ఉండే ఉంటుంది.

ఇట్లు,
కె. శాంతి, రికార్డు క్లర్కు.


గుంటూరు,
11-3-2002.

శాంతీ,

నువ్వు 'మీరు' అని రాస్తే చదవలేకపోయాను. మా అమ్మ జహీరున్నీసా చేత చదివించుకున్నాను. ఆమె చదివి, "నిన్ను చెప్పు తీసుకుని కొట్టలేదు, అదే గొప్ప" అంది.

నా వైపు నుంచి చెప్పుకునేది ఏమీ లేదు. ఫ్రిజ్ చెడిపోవడం దేవుడి చేతిలోది. జాబితా చెడిపోవడం నా చేతిలోది.

ఇక్కడ ఒక దారి కనిపిస్తోంది. మొదటి కోతలు అయిన ముఠాల్లో కొన్ని తొడాలు తియ్యడానికి గుంటూరు వస్తాయి. మిర్చి యార్డు చుట్టుపక్కలా, కోల్డ్ స్టోరేజీల వెనకా షెడ్లున్నాయి. ఒక్కో షెడ్డులో వందమంది ఆడవాళ్లు మిరపకాయలు ముందేసుకుని తొడాలు తుంచుతుంటారు. ఎన్ని షెడ్లున్నాయో మా అంకమ్మరావు సారుకి కూడా తెలియదు. ఆయనకి అంతా చెప్పేశాను. చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు. తర్వాత "ఇదే స్క్రీన్ మనం ఇంకా ఎక్కడెక్కడ పెట్టాం?" అని అడిగాడు. మూడు చోట్ల పెట్టాం. అవి తాను చూసుకుంటానన్నాడు. నాకు సెలవు రాసి ఇచ్చాడు.

రేపటి నుంచి షెడ్డు షెడ్డుకీ తిరుగుతాను. ఈసారి మొత్తం చూసి వెనక్కి రాను, ఒక్కొక్క మొహం చూస్తాను. నర్సమ్మని అడిగి ఇంకేమైనా గుర్తులుంటే రాయి.

ఖుర్షిదా


వేపలమిట్ట,
13-3-2002.

ఖుర్షిదా,

గుర్తులు: ఎడమ చెవికి కమ్మ లేదు, తమ్మె చిరిగి ఉంటుంది. ముక్కుపుడక పెట్టదు. మాట మెల్లగా ఉంటుంది. నర్సమ్మకి ఇంతే తెలుసు.

ఇక నా సంగతి. నీ ఉత్తరంలో "ఫ్రిజ్ చెడిపోవడం దేవుడి చేతిలోది" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను.  గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు మామూలుగా రాసిన మాటకి నేను ఉలిక్కిపడ్డాను.

కరెంటు పోలేదే.

ఒకటో తేదీ శుక్రవారం సాయంత్రం మా రికార్డు గదిలో ప్లగ్గు నిప్పులు కక్కింది. పాత కార్డులు ఇంకా ఇరవై ఎక్కించాలి. కంప్యూటర్ని మందుల గదిలోకి మోయించాను. అక్కడ పనిచేసే ప్లగ్గు ఒక్కటే. ఫ్రిజ్‌ది పీకి కంప్యూటర్ది పెట్టాను. ఒక్క గంటే కదా అనుకున్నాను. పని అవగానే కంప్యూటర్ ఆపి, తాళం వేసి, చీరాల బస్సు ఎక్కేశాను. ఆ శనివారం ఆసుపత్రికి సెలవు, చుట్టాల పెళ్లికి వెళ్లాను, ఆదివారం గుడి. సోమవారం వచ్చి చూస్తే ఫ్రిజ్ కింద మడుగు. గుడ్డతో తుడిచి, ప్లగ్గు పెట్టి, ఊరుకున్నాను. మందు పాడైపోతుందని నాకు తెలియదని నీకు రాయగలను. కానీ తెలియకపోతే మడుగు ఎందుకు తుడిచాను, ఎవరికీ ఎందుకు చెప్పలేదు?

డాక్టరమ్మ అడిగితే కరెంటు అన్నాను. నీకూ అదే రాశాను. నీ నాలుగు పేర్ల మీద నేను అంత ఎగిరింది అందుకే. నీ తప్పు పెద్దదైతే నాది కనపడదని.

నిన్న డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఒక అట్టముక్క తెప్పించి, "ఈ ప్లగ్గు ఎవరూ తీయరాదు అని నీ చేత్తో రాయి, కింద నీ పేరు పెట్టు, గోడకి అంటించు" అన్నారు. ఆ తర్వాత నాతో పని మాట తప్ప ఇంకో మాట లేదు. పొద్దున గదిలోకి వెళ్తే నా పేరే నా వైపు చూస్తోంది.

ఆమెని వెతుకు ఖుర్షిదా. నిన్ను 'మీరు' అన్నందుకు తర్వాత కొట్టుకుందాం.

శాంతి


గుంటూరు,
22-3-2002, శుక్రవారం.

శాంతీ,

దొరికింది.

నిన్న, పదో రోజు. పెదకాకాని పోయే దారిలో, ఒక కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు. లోపలికి అడుగు పెడితే ఘాటుకి కళ్లు కనపడవు. ఆడవాళ్లంతా ముక్కు మీదుగా గుడ్డ కట్టుకుని ఉంటారు. మొహం చూద్దామంటే కళ్లు తప్ప ఏమీ కనపడవు, ఎడమ చెవిని చూద్దామంటే కొంగు. నేను వరస పట్టుకుని ఒక్కొక్కరి పక్కనా కూర్చుని "యలమంద ముఠానా అమ్మా?" అని అడుగుతూ పోయాను. పది రోజుల్లో ముగ్గురు దేవకుమారిలు దొరికారు, ముగ్గురూ వేరేవాళ్లు. మేస్త్రీలు నన్ను పిల్లల్ని పనిలో పెట్టారా అని చూసే ఆఫీసరనుకుని రెండు చోట్ల గెంటేశారు.

ఆరో వరసలో ఒకామె తల ఎత్తకుండానే, "యలమంద మా పెదనాన్నండి. ఎవరు కావాల?" అంది. మాట మెల్లగా ఉంది. కొంగు పక్కకి తీసింది. చెవి తమ్మె చిరిగి ఉంది.

నేను ఏడ్చేశాను శాంతీ. ఆమె కంగారుపడి, "ఏమైందమ్మా, ఘాటా?" అంటూ తన మొహం గుడ్డ విప్పి నాకు ఇచ్చింది.

బయట తుమ్మ కింద కూర్చోబెట్టి చెప్పాను. మందు పాడైందని, మళ్లీ మొదలుపెట్టాలని.  "మూడూ పోయినట్టేనా?" అంది. "పోయినట్టే" అన్నాను. "నేను మళ్లీ ఎక్కడ కరిచిందో చెప్పాలా?" అంది. నాకు చెప్తే చాలన్నాను. చెప్పింది. తొడ పైన, వెనక. "అక్కడున్న పెద్దాయనకి ఎట్టా చెప్పనమ్మా? ఆయన మా నాయనలాగా ఉన్నాడు" అంది. ఎర్ర కార్డు పడేయలేదు. మడతలు పెట్టి బైబిలు అట్టలో దాచుకుంది. ఊరు యర్రగొండపాలెం దగ్గరట. నువ్వు ఒక్కసారి అడిగావట, ఆమె చెప్పబోతుంటే వెనకున్నవాళ్లు తోశారట.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మాట్లాడుతుండగా షెడ్డు కుండలోంచి నీళ్లు ముంచి గ్లాసు ఇచ్చాను. చేత్తో తోసేసింది. మొహం పక్కకి తిప్పుకుంది.  "ఎందుకు వద్దు?" అని గట్టిగా అరిచాను. ఆమె బెదిరి, చేతులు చూపించింది. వేళ్లన్నీ ఎర్రగా పొంగి ఉన్నాయి. "ఈ చేతులతో పట్టుకుంటే మళ్లీ తాగేవాళ్లకి పెదాలు మండుతాయమ్మా, ఇంటికాడ తాగుతా" అంది. నిజమే అయి ఉంటుంది. అందరూ ఇళ్లకి వెళ్లాకే తాగుతారని పక్కామె కూడా చెప్పింది. అయినా ఆమె నీళ్లు తాగడం నేను చూడలేదు.

సాయంత్రమే, నువ్వు ముందే పంపిన మీ డాక్టరమ్మ చీటీతో ఇక్కడ మొదటి సూది వేయించాను. ఏప్రిల్ నెలాఖరు వరకు ఇక్కడే ఉంటారట, మిగతావి మేస్త్రీతో మాట్లాడి నేనే దగ్గరుండి వేయిస్తాను. కాటు పడి నలభై రోజులు దాటింది. ఇది పనిచేస్తుందా అని ఇక్కడి డాక్టరు గారిని అడిగాను. "కుక్కకి పిచ్చి ఉందో లేదో తెలియదు, మందు ఆలస్యమైంది. ఏడాది గడవనివ్వండి" అన్నారు.

ఇంకోటి. వెతుకుడు స్క్రీన్ మొత్తం తిరగరాశాను. ఇప్పుడు ముందు మనుషుల్నే లెక్కపెడుతుంది, ఒక మనిషి ఒకసారే. ఊరూ గాయమూ తర్వాత వచ్చి పక్కన చేరతాయి, ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. ఊరి మీదో గాయం మీదో వెతికినప్పుడు ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లని దాచకుండా అన్నిటికంటే పైన చూపిస్తుంది. 'అడగవలసినవాళ్లు' అని పేరు పెట్టాను. ఫ్లాపీ పంపడం లేదు. ఐదో సూది అయ్యాక నేనే వచ్చి బిగించి, నీ పక్కన కూర్చుని ఒక్కొక్క పేరూ చదువుతాను.

ప్లగ్గు సంగతి చదివాను. ఏమీ రాయను. నా నాలుగు పేర్లు నాకు ఉన్నాయి.

ఖుర్షిదా


వేపలమిట్ట,
3-2-2003, సోమవారం.

ఒసేయ్ ఖుర్షిదా,

ఏడాదిగా మనం ఈ విషయం తప్ప అన్నీ రాసుకున్నాం. నీ చెల్లెలి సీటు, మా పాస్టరు గారి కొత్త మైకు, కోటేష్ పెళ్లి. నువ్వు అడగలేదు, నేను రాయలేదు. ఐదో సూది పడ్డాక యలమంద ముఠా ఎటు పోయిందో మనిద్దరికీ తెలియదు. ఆమె ఊరికి నేను రెండు కార్డులు రాశాను, జవాబు రాలేదు. ఆ సంగతి నీకు చెప్పలేదు.

మళ్లీ కోతలు మొదలయ్యాయి. ఈరోజు పొద్దున ఓపీలో రద్దీ. నేను తల దించుకుని టైపు చేస్తున్నాను. ఎదురుగా ఒకమ్మాయి ఏడుస్తోంది, కుక్క కరిచిందట. "ఏ ఊరమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి వెనక నుంచి ఎవరో మెల్లగా, "కల్లంలో ఉన్నాం అని రాయమాక. యర్రగొండపాలెం అని రాయి. ఈ పిల్ల మా ముఠానే" అన్నారు.

తల ఎత్తలేకపోయాను. 

ఆ గొంతే మళ్లీ, "ఎక్కడ కరిచిందో ఈ పిల్ల చెప్పుద్ది. ముందు ఆ పెద్దాయన్ని కాస్త బయటకి పంపండమ్మా" అంది. ఇమాం హుస్సేన్ గారు ఎవరూ చెప్పకముందే లేచి, కుర్చీ జరుపుకుని, వరండాలోకి వెళ్లిపోయారు. నేను ఆ అమ్మాయి గాయం రాశాను. కుడి పిర్ర. ఊరు రాశాను. తెర మీద 'అడగవలసినవాళ్లు' దగ్గర సున్నా వచ్చింది.

అప్పుడు తల ఎత్తాను. పొడుగ్గా ఉంది. ఎడమ చెవికి ఈసారి చిన్న కమ్మ, తమ్మె కుట్టించుకుంది. నన్ను గుర్తుపట్టలేదు. పట్టడానికి నేను ఎప్పుడూ తల ఎత్తి చూస్తేగా! "మీరు దేవకుమారి కదా?" అన్నాను. "అవునండి. గుంటూరులో ఒక సాయిబులమ్మాయి నా పక్కన కూర్చుని ఏడ్చింది, ఆమె బాగుందా?" అంది.

బాగుందని చెప్పాను.

"ఎండలో నడిచొచ్చాం, దాహమేస్తోంది" అంది. మందుల గది గుమ్మం పక్కన, నా పేరు అంటించిన ప్లగ్గు కింద, కుండ ఉంటుంది కదా. ఇంకా కోతలోకి దిగలేదు, చేతులు శుభ్రంగా ఉన్నాయి. తనే వెళ్లి గ్లాసు ముంచుకుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. వరసలో ఉన్నవాళ్లు "ఏంటమ్మా ఆపేశారు" అని అరుస్తున్నారు. గ్లాసు ఎత్తింది. ఆమె గొంతు వైపే చూస్తూ నిలబడ్డాను. గుటక పడింది. ఇంకోటి పడింది. గ్లాసంతా తాగి, ఇంకో గ్లాసు ముంచుకుని, అదీ తాగింది.

నీ
శాంతి